ఊరు మారిన చెల్లెలికి అన్సార్లు ఎవరు?

(సొసైటీ వార్షిక సమావేశంలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మహిళా విభాగం తరఫున కాసేపు మాట్లాడమన్నారు. ఈ ఏడాది ఎన్ని కుట్టుమిషన్లు ఇచ్చాం, ఎందరు పిల్లల ఫీజులు కట్టాం, రంజాన్ సామాను ఎన్ని ఇళ్ళకు చేరింది అన్న లెక్కలన్నీ కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి. వాటినే మళ్ళీ చదివి మీ సమయం తీసుకోం. ఆ లెక్కల్లో ఏ గడిలోనూ పడని ఒక మనిషి గురించి చెప్పాలని వచ్చాం. ఆమె వితంతువు కాదు, అనాథ కాదు, అప్పులపాలు కాలేదు. భర్త ఉన్నాడు, నెలకింత తెస్తున్నాడు. జకాత్ దరఖాస్తు ఆమె చేతికిస్తే తనే వెనక్కి ఇచ్చేస్తుంది. ఆమెకు లేనిదల్లా పలకరించే మనిషి.

మేము అంటే ఎవరమో కూడా చెప్పాలి. మాలో ముగ్గురం బడి టీచర్లం. బి.ఇడి. చదివి, పాతికేళ్ళకు పైగా సుద్దముక్క పట్టుకున్న వాళ్ళం, యాభై దాటిన వాళ్ళం. మిగతావారిలో ఇల్లు చూసుకునే తల్లులున్నారు, బట్టలు కుట్టే అక్క ఒకరున్నారు. అందరం బోరబండ, ఎర్రగడ్డ, మూసాపేట చుట్టుపక్కలే ఉంటాం. ఆదివారం జొహర్ నమాజు అయ్యాక మన సొసైటీ మేడ మీది గదిలో కూర్చుంటాం. ఆ గది సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

జూన్ నెలలో బడి గేటు దగ్గర ఒక్క గంట నిలబడితే ఈ నగరానికి ఎక్కడెక్కడి నుంచి జనం వస్తున్నారో తెలిసిపోతుంది. బాలానగర్‌లో లేత్ మిషన్ పనికి, సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనికి, టైల్స్ పనికి, కారు నడపడానికి కర్నూలు నుంచి, ప్రకాశం నుంచి, మహబూబ్‌నగర్ నుంచి కుటుంబాలు వచ్చి పడుతుంటాయి. మగవాడు పనిలో చేరతాడు. మూడో రోజుకే అతనికి నలుగురు తెలుస్తారు. జుమాకు మసీదుకు వెళ్తే ఇంకో నలుగురు తెలుస్తారు. పిల్లకు బడిలో టి.సి. ఇస్తే క్లాసు దొరుకుతుంది, పక్కన కూర్చునే పిల్ల దొరుకుతుంది. తల్లికి మాత్రం టి.సి. ఎవరూ ఇవ్వరు. పాత ఊళ్ళో ఆమె ఎవరి కూతురు, ఎవరి కోడలు, ఎంత బాగా సేమియా వండేది, ఎవరి కాన్పుకు తోడు వెళ్ళింది, ఇవేవీ ఆమె వెంట రావు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పుట్టిన చోటు, ఉన్న చోటు వదిలి మరో చోట బతుకుతున్న వాళ్ళు 45 కోట్ల పైచిలుకు. అందులో ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళు కదలడానికి అన్నిటికంటే పెద్ద కారణం పెళ్ళి. అంటే, మన ఆడపిల్లల్లో చాలామంది జీవితంలో ఒకసారి అత్తవారి ఊరికి, మరోసారి భర్త ఉద్యోగం ఉన్న ఊరికి, ఇలా రెండుసార్లు వేరుతో సహా పీకి నాటబడుతున్నారు. రెండోసారి నాటేటప్పుడు చంకలో పసిబిడ్డ కూడా ఉంటుంది.

ఇక ఒక చెల్లెలి సంగతి చెబుతాం. ఆమెను అడిగే చెబుతున్నాం. కథ చెప్పుకోండి గానీ పేరు వద్దు అంది, కాబట్టి మార్కాపురం చెల్లెలు అంటాం.

పలకలకు పేరుపడిన మార్కాపురం పక్కన ఒక పల్లె వాళ్ళది. నూర్‌బాషాల ఇల్లు. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో తెలుగే. నమాజుకు కావలసిన సూరాలు నానమ్మ దగ్గర నోటికి నేర్చుకుంది. ఇంటర్ దాకా చదివింది. భర్త ఐ.టి.ఐ. పాసయి బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో చేరాడు. మూడేళ్ళ కిందట జూన్‌లో ఐదేళ్ళ కూతుర్ని ఒకటో తరగతిలో చేర్పించడానికి మా బడికి వచ్చింది. చంకలో ఎనిమిది నెలల బాబు. బురఖా చూసి ఆఫీసులో ఆమెను ఉర్దూలో ఏదో అడిగారు. ఆమె తల దించుకుంది. పక్కనున్న తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, ఊరికే వచ్చిన నవ్వు. కానీ ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె గేటు దాటి లోపలికి రాలేదు. దూరంగా కరెంటు స్తంభం దగ్గర నిలబడి పిల్లను పిలుచుకుని వెళ్ళిపోయేది.

పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు. పలక మీద మాత్రం అక్షరాలు ముత్యాల్లా రాసేది. ఇంట్లో ఎవరు నేర్పుతారమ్మా అంటే, అమ్మ అంది. సరే, ఆ అమ్మను చూద్దామని వెళ్ళాం.

మొదటిసారి తలుపు జానెడు తెరిచి, "ఆయన ఇంట్లో లేరక్కా" అని మూసేసింది. రెండోసారి పిల్ల నోటుపుస్తకం ఇవ్వాలన్న నెపంతో వెళ్ళాం. పుస్తకం తీసుకుంది. మూడోసారి వెళ్ళేసరికి వాన పడుతోంది, బాబు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, సిలిండర్ అయిపోయింది, పాలు కాచడానికి దారి లేదు. ఎదురింటి వాళ్ళను అడగలేకపోయావా అన్నాం. రెండు తలుపుల మధ్య ఆరడుగుల దూరం.

"ఆమె వచ్చిన కొత్తలో ఉర్దూలో ఏదో అడిగిందక్కా. నాకర్థం కాలా. తెలుగులో మాట్లాడితే నవ్వుద్దేమోనని తలుపేసుకున్నా" అంది.

పాలగిన్నె పట్టుకుని మేమే ఎదురింటి తలుపు తట్టాం. అరవై దాటిన ఆమె. కొడుకులిద్దరూ జెద్దాలో ఉంటారు, ఇంట్లో ఒక్కతే. సంగతి విని నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"నాలుగు నెలలాయె బిడ్డా, ఒక్కనాడు సలామ్ గూడ చెప్పలే. ఘమండీ పిల్ల అనుకున్న. ఉర్దూ రాకపోతే ఏమాయె, నాకు తెలుగు రాదా? మెదక్‌ల పుట్టి పెరిగినదాన్ని."

ఒకామెకు గర్వం అనుకుని ఒకరు, ఒకామెకు చులకన అనుకుని ఇంకొకరు నాలుగు నెలలు ఎదురెదురుగా బతికారు. ఇద్దరికీ వచ్చిన భాష ఒకటే! ఆ సాయంత్రం చెల్లెలు ఖాలా వంటింట్లో పాలు కాచుకుంది. ఖాలా బాబును ఎత్తుకుని వదలలేదు.

తర్వాత జరిగింది ఏ సభలో చెప్పుకునేంత పెద్ద విషయమూ కాదు. ఖాలాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. కరెంటు బిల్లు, రేషన్ కార్డు కాగితం, ఫోనులో వచ్చే మెసేజీలు, ఇవన్నీ చెల్లెలు చదివి పెట్టేది. చెల్లెలికి సూరాలు నోటికి వచ్చు గానీ కొన్ని అక్షరాలు సరిగ్గా పలికేవి కావు. ఖాలా అల్లం వెల్లుల్లి ఒలుస్తూ ఒక్కో అక్షరం పలికించేది. ఇచ్చేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు అన్న తేడా లేదు. దాతలు ఉన్న సభలో ఈ మాట ఎందుకు అంటున్నామంటే, సాయం ఒకవైపు నుంచే వస్తుంటే తీసుకునే మనిషి ఎంతసేపూ తలుపు సందులోంచే మాట్లాడుతుంది. ఆమె దగ్గర కూడా మనకు పనికొచ్చేది ఒకటుందని తెలిసినప్పుడు తలుపు బార్లా తీస్తుంది.

ఒక రాత్రి బాబుకు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. భర్త నైట్ షిఫ్టులో ఉన్నాడు. ఖాలా, చెల్లెలు ఆటోలో నిలోఫర్‌కు పరుగెత్తారు. పెద్దపిల్లను కింది అంతస్తులో ఉండే ఒక అక్క తన పిల్లల పక్కన పడుకోబెట్టుకుంది. ఆ అక్క మన మతస్థురాలు కాదు. తెల్లారి పిల్లకు జడలు వేసి, ఇడ్లీ పెట్టి బడికి కూడా పంపింది. పొరుగువారి హక్కు గురించి మనకున్న బోధనల్లో మతం అడగమని ఎక్కడా లేదు. అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన ఇంట్లో వాళ్ళను మళ్ళీ మళ్ళీ అడిగిన సంగతి హదీసుల్లో ఉంది.

ఈమాన్ మాట. ఇది జాగ్రత్తగా చెప్పాలి.

పరిచయం పెరిగాక ఒకరోజు చెల్లెలే చెప్పింది. ఊళ్ళో ఐదు పూటలా చదివే పిల్ల, ఇక్కడికి వచ్చాక నమాజు తప్పింది. "వదిలెయ్యాలని వదల్లేదక్కా. జారిపోయింది" అంది. అక్కడ అత్త లేచేది, ఆ అలికిడికి తను లేచేది. రంజాన్‌లో ఇల్లంతా కలిసి సహరీ తినేది. ఇక్కడ మొదటి రంజాన్‌లో మూడున్నరకు ఒక్కతే లేచి, పిల్లలు లేస్తారేమోనని లైటు కూడా వెయ్యకుండా రాత్రి మిగిలిన అన్నం తిన్నదట. పదో రోజుకు మెలకువ రావడం మానేసింది. ఊరికి ఫోన్ చేసి మనసు బాగుండడం లేదంటే, నమాజు చదువు, అన్నీ సర్దుకుంటాయి అన్నారు. ఆ మాట తప్పు కాదు. కానీ మెట్లెక్కలేక కింద కూర్చున్న మనిషికి మేడ మీద గాలి బాగుంటుందని చెప్పినట్టుంటుంది.

మన సమాజంలో ఒక తేలికపాటి అభిప్రాయం ఉంది. ఒంటరితనంగా ఉందంటే ఈమాన్ తగ్గిందని, అల్లాహ్ తోడుండగా మనుషుల తోడెందుకని. మేము దాన్ని ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో చెబుతాం.

హాజరా (అలై) ఉదంతం మనకందరికీ తెలుసు. చెట్టు చేమ లేని లోయలో, పసివాడైన ఇస్మాయీల్ (అలై)తో, ఒక సంచిలో ఖర్జూరాలు, ఒక తోలుతిత్తిలో నీళ్ళు పెట్టి ఇబ్రాహీమ్ (అలై) వెళ్ళిపోతుంటే, ఇది అల్లాహ్ ఆజ్ఞేనా అని ఆమె అడిగింది. అవునన్నాక, అలాగైతే ఆయన మమ్మల్ని వదిలెయ్యడు అని వెనక్కి తిరిగింది. ఇంతకంటే గట్టి ఈమాన్ ఏ తల్లికుంటుంది? సఫా మర్వాల మధ్య ఆమె ఏడుసార్లు తిరిగిన నడకనే ఇప్పటికీ హాజీలు నడుస్తున్నారు. ఇదంతా మనం పిల్లలకు చెబుతాం. ఆ తర్వాతి భాగమే తక్కువ చెబుతాం. జమ్‌జమ్ పుట్టాక, ఆకాశంలో పక్షులు తిరగడం చూసి జుర్హుమ్ తెగవాళ్ళు వచ్చారు. మీ పక్కన దిగవచ్చా అని ఆ ఒంటరి తల్లిని అనుమతి అడిగారు. దిగండి, కానీ నీళ్ళ మీద హక్కు మాత్రం మీకు లేదు అంది. సరేనన్నారు. ఇబ్నె అబ్బాస్ (రజి) ద్వారా బుఖారీలో వచ్చిన ఈ ఉల్లేఖనంలో దైవప్రవక్త (స) ఒక మాట చేర్చారు. ఇస్మాయీల్ తల్లికి మనుషుల తోడు ఇష్టం, కాబట్టి వాళ్ళ రాక ఆమెకు నచ్చింది అని.

ఆ మాట మీద మేము చాలా ఆదివారాలు మాట్లాడుకున్నాం. కాళ్ళ దగ్గర జమ్‌జమ్ పారుతున్నా ఆమెకు మనుషులు కావాలనిపించింది. ప్రవక్త (స) దాన్ని లోటుగా చెప్పలేదు. మా బి.ఇడి. సైకాలజీ పాఠంలో 1943లో మాస్లో రాసిన అవసరాల మెట్లు ఉండేవి. తిండి, భద్రత తర్వాత మనిషికి కావలసింది తన వాళ్ళనే మనుషులు అని మూడో మెట్టు. పరీక్ష కోసం బట్టీ పట్టాం. హాజరా ఉదంతం అప్పటికే మన ఇళ్ళలో ఉంది.

జుమా ప్రసంగాల్లో అన్సార్ల త్యాగం తరచూ వింటాం. మక్కా నుంచి చేతులూపుకుంటూ వచ్చిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, బజారు ఎటువైపో చూపించమన్నారు. దాతలకు ఇది ఇష్టమైన ఉదంతం, ఉండాల్సిందే. కానీ అది మగవాళ్ళది. ఆడవాళ్ళది ఒకటుంది. అస్మా (రజి), అబూబక్ర్ (రజి) కూతురు, నిండు గర్భంతో 622లో హిజ్రత్ చేసి ఖుబాలో ప్రసవించింది. వలస వచ్చిన ముహాజిర్లకు అక్కడ పుట్టిన మొదటి బిడ్డ ఆమె కొడుకు అబ్దుల్లా బిన్ జుబైర్. భర్త దగ్గర నీళ్ళు తోడే ఒక ఒంటె, ఒక గుర్రం తప్ప ఏమీ లేవు. గుర్రానికి మేత, నీళ్ళు, చిరిగిన తోలు బొక్కెన కుట్టడం, పిండి పిసకడం అన్నీ ఆమే. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి ఖర్జూరపు గింజల మూట నెత్తిన పెట్టుకుని నడిచేది. ఆ రోజుల గురించి తర్వాత చెబుతూ ఆమె, నాకు రొట్టె సరిగ్గా కాల్చడం రాదు, పొరుగింటి అన్సారీ స్త్రీలు కాల్చి పెట్టేవాళ్ళు, వాళ్ళు మంచి మనసున్న వాళ్ళు అని గుర్తు చేసుకుంది.

ఆ స్త్రీల పేర్లు అక్కడ లేవు. వాళ్ళు సగం ఆస్తి ఇవ్వలేదు. రొట్టెలు కాల్చారు. కూరలో ఇంకాస్త నీళ్ళు పోసి పొరుగువారికి పంపమని అబూజర్ (రజి)కు చెప్పిన ప్రవక్త (స), పొరుగింటామె పంపేది మేక గిట్ట అయినా సరే చులకన చెయ్యొద్దని స్త్రీలకు ప్రత్యేకంగా చెప్పారు. మా ఖాలా అంతకంటే ఎక్కువేమీ చెయ్యలేదు. రెండో రంజాన్‌లో మూడున్నరకు గరిటెతో చెల్లెలి గ్రిల్ తలుపు మీద రెండు దెబ్బలు కొట్టేది. అంతే. ముప్ఫై రోజులూ కొట్టింది. ఇప్పటికీ ఫజ్ర్‌కు కొడుతోంది. కింది అంతస్తు వాళ్ళు కూడా ఆ చప్పుడుకే లేచి నీళ్ళ మోటారు వేస్తున్నారట.

మొదట్లో ఖాలా ఇంట్లోనే ఐదుగురం కూర్చునేవాళ్ళం. తర్వాత చోటు చాలక సొసైటీ గదికి వచ్చాం. చేసేది పెద్దగా ఏమీ లేదు. కొన్ని ఆయత్‌లు, వాటి తెలుగు అర్థం, ప్రశ్నలుంటే ప్రశ్నలు, తర్వాత టీ. మొదటి నెలంతా ఫాతిహా సూరా ఒక్కటే చదివాం. చెల్లెలు ఏడేళ్ళ వయసు నుంచీ చదువుతున్న సూరా. ఒక్కో పదానికి అర్థం చెప్పుకుంటూ వెళ్తుంటే, మధ్యలో ఆరాధన గురించి వచ్చే ఆయత్ దగ్గర ఆగిపోయింది.

"అక్కా, ఇక్కడ నేను అని లేదా? మేము అనా?"

మేము అనే, అన్నాం.

"నేను ఒక్కదాన్నే ఇంట్లో చదువుకున్నా మేము అనే అన్నట్టా?"

మాలో డిగ్రీలున్న వాళ్ళం ముగ్గురం ఉన్నాం, ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. ఆ ఆదివారం టీ చల్లారిపోయింది. చెల్లెలి నమాజు ఎప్పుడు నిలబడిందో తేదీ చెప్పలేం. ఇలాంటివి ఒక తేదీన జరగవు. కానీ తోడుగా ఒక మనిషి దొరికాకే నిలబడిందని మాత్రం చెప్పగలం.

ఇక్కడ భాష గురించి ఒక మాట. పెద్దలు కోపగించుకోకూడదు. దర్స్ తెలుగులో పెడితే మర్యాద తగ్గుతుందని, పిల్లలు ఉర్దూ మర్చిపోతారని కొందరు అన్నారు. ఉర్దూ మీద మాకూ ప్రేమే. మాలో ఇద్దరి మాతృభాష అదే. కానీ నూర్‌బాషాల ఇళ్ళలో, కోస్తాలో, సీమలో ఎన్నో ఇళ్ళలో తల్లి జోలపాట తెలుగులోనే పాడుతుంది. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి మాట్లాడే భాషతోనే పంపామని అల్లాహ్ ఇబ్రాహీమ్ సూరాలో తెలియజేస్తున్నాడు. ఖుర్ఆన్‌ను తెలుగులోకి మొదట తెచ్చినవారు చిలుకూరి నారాయణరావు గారు, ముస్లిమేతర పండితులు. ఆ తర్వాత మన వాళ్ళు చేసిన అనువాదాలు ఎన్నో వచ్చాయి. పుస్తకాలు మసీదు అలమారల్లో ఉన్నాయి. చదివించే చోటే తక్కువ. ఉర్దూ రాని పిల్లను సగం ముస్లిం అన్నట్టు చూసే చూపు మన ఆడవాళ్ళ మజ్లిసుల్లో ఉంది. మాకు బాధ కలిగించేది అదే.

అందరి కథా మార్కాపురం చెల్లెలి కథలా ఉండదు. బీహార్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆరు వారాలు వచ్చింది. నవ్వేది, పిల్లను ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చునేది. ఏడో వారం రాలేదు. ఇల్లు ఖాళీ చేశారన్నారు, ఫోన్ నంబరు పని చెయ్యలేదు. ఇంకో చెల్లెలి భర్తకు ఆడవాళ్ళు బయట కూర్చోవడం ఇష్టం లేదు. ఆమె ఇంటికి మేమే నెలకోసారి వెళ్తాం, ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు కాదు, ఉన్నప్పుడే. ఈ మధ్య ఆయనే టీ తెచ్చి పెడుతున్నాడు.

ఈ రెండేళ్ళ అనుభవంతో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఇంటికి వెళ్ళినప్పుడు ఫారం తీయం. ఆధార్ అడగం. ఫోటో తీయం. ఫోటో గురించి మాత్రం దాతల్లో కొందరు అడుగుతున్నారు, మీ ఆదివారం కార్యక్రమం ఫోటోలు ఒక్కటి కూడా రాలేదే అని. రావు. సామాను సంచి పట్టుకుని ఫోటో దిగాల్సి వస్తుందని భయపడి మన గేటు దాకా వచ్చి తిరిగిపోయిన ఆడవాళ్ళు మాకు తెలుసు. ఈ గదిలో వాళ్ళు ఆ భయం లేకుండా కూర్చోవాలి. ఇంకో పద్ధతి, పిల్లలను తీసుకురావద్దని అనం. పసిబిడ్డ తల్లిని పిల్లలు లేకుండా రమ్మంటే రావద్దన్నట్టే. ఒకామె వంతుగా పిల్లలను ఆడిస్తుంది. ఏడుపులు వినిపిస్తాయి, ఆయత్ మధ్యలో ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ప్రవక్త (స) పసివాడి ఏడుపు వినిపిస్తే తల్లికి ఇబ్బంది కలగకూడదని నమాజునే కుదించేవారు. మన దర్స్ ఎంత?

ఇప్పుడు గది సంగతి. మేడ మీది గదిని ఒక కోచింగ్ సెంటర్‌కు అద్దెకివ్వాలన్న ఆలోచన కార్యవర్గం ముందుంది. అద్దె వస్తే స్కాలర్‌షిప్పుల పద్దు పెరుగుతుంది. మేము టీచర్లం, స్కాలర్‌షిప్ విలువ మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అద్దెకివ్వొద్దని మేము అనడం లేదు. ఒప్పందం రాసేటప్పుడు ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా గది మనదేనని ఒక్క వాక్యం రాయించమని అడుగుతున్నాం. ఆ వాక్యం వల్ల అద్దె కొంత తగ్గుతుందని కోశాధికారి గారు చెప్పారు. తగ్గితే ఆ తగ్గిన మేరకు ఈ సభలో ఎవరైనా భరించగలరా అని అడగడానికే ఇంతసేపు మాట్లాడాం.

ఒక స్పష్టత కూడా ఇవ్వాలి. జకాత్ సొమ్ము హక్కుదారు చేతికి చేరి ఆమె సొంతం కావాలన్నది మన ఉలమాలు చెప్పే నియమం. గదికి, చాపకు, టీకి మేము జకాత్ అడగడం లేదు. సదఖా, లిల్లాహ్ పద్దు కింద ఇవ్వగలిగిన వాళ్ళే ఇవ్వండి. డబ్బు ఇవ్వలేని వాళ్ళు మీ ఇంటి ఆడవాళ్ళను ఒక ఆదివారం పంపండి. మీ అపార్ట్‌మెంటులో, మీ గల్లీలో కొత్తగా దిగిన ఇంటి నంబరు మాకు చెప్పండి. నిజానికి డబ్బు కంటే మాకు ఆ నంబర్లే ఎక్కువ కావాలి.

సామాన్లు కొన్నే కావాలి. రెండు పెద్ద చాపలు, ఒక ఫ్యాను, ఇనుప స్టాండుతో ఒక ఉయ్యాల, పెద్దక్షరాల తెలుగు ఖుర్ఆన్‌లు పది. అన్నిటికంటే ముందు మెట్ల పైభాగంలో పిల్లలు దిగిపోకుండా మోకాలెత్తు గేటు ఒకటి కావాలి. మొన్న ఒక బుడతడు మూడు మెట్లు దిగేశాడు. అల్హమ్‌దులిల్లాహ్, నాలుగో మెట్టు మీద ఖాలా కూర్చుని ఉంది. వెల్డింగ్ పని తెలిసిన సోదరులెవరైనా సభ అయ్యాక మార్కాపురం చెల్లెలి భర్తను కలవండి. కొలతలు ఆయన దగ్గర ఉన్నాయి, ఇనుము ఉంటే తనే చేసి బిగిస్తానంటున్నాడు.

మొన్న శుక్రవారం మా బడికి ఆదోని నుంచి ఒక టి.సి. వచ్చింది. రెండో తరగతి బాబు. తల్లి కరెంటు స్తంభం దగ్గర నిలబడి ఉంది. మార్కాపురం చెల్లెలే వెళ్ళి ఇల్లు కనుక్కుంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఈ ఆదివారం గది తాళం కాస్త ఆలస్యంగా తీస్తాం, ముందు అక్కడికి వెళ్ళి వస్తాం. ఖాలాకు మోకాళ్ళ నొప్పి, నేను కింద నిలబడి పిలుస్తా మీరు పైకి పోండి అంటోంది.